సెమిలిగుడలో ఇంటికి హీట్‌పంప్: మెట్ల కింద పెడతానంటున్నాడు, పెట్టనివ్వాలా?

సెమిలిగుడ_శీను
ఒడిశాలో కొరాపుట్ కొండల మీద ఊరు మాది. కిందా పైనా రెండు వాటాల ఇల్లు. ఆరుగురం, మూడు బాత్‌రూములు, మూడు గీజర్లు. డిసెంబరు వచ్చిందంటే పొద్దున్న ఆరింటికి మూడూ ఒకేసారి వేస్తారు. వోల్టేజీ 180కి పడిపోతుంది, ఫ్రిజ్ స్టెబిలైజరు టక్కుమని ఆగిపోతుంది. సరిగ్గా నాన్న స్నానానికి దిగేసరికి ఎంసీబీ పడిపోతుంది. ఒంటి నిండా సబ్బుతో ఆయన కేకలు వీధి చివరిదాకా.

మూడు గీజర్లూ తీసేసి నీళ్ళు కాచే హీట్‌పంప్ ఒక్కటి పెడదామనుకున్నాను. డీలరు తరఫున ఒక మనిషి వచ్చాడు. ఇల్లు చూడలేదు, మేడ ఎక్కలేదు. హాల్లో కూర్చుని టీ తాగుతూ "ఆరుగురా? 300 లీటర్లు వేసేద్దాం, లక్షా అరవై ఐదు వేలు" అని కాగితం రాసిచ్చాడు. ఎక్కడ పెడతావయ్యా అంటే మెట్ల కింద గది చూపించాడు. మా అమ్మ బియ్యం డ్రమ్ములు పెట్టుకునే చోటు. వానకి తడవదు, తలుపేసుకోవచ్చు, భేషుగ్గా ఉంటుందన్నాడు. అడ్వాన్సు ఇరవై వేలు అడుగుతున్నాడు. ఇవ్వాలా?

జయపురం_జానకి
ఇవ్వొద్దు. మెట్ల కింద అసలే వద్దు.

గుణుపురం_గోపి
లక్షా అరవై ఐదు వేలు పెట్టి నీళ్ళు కాచుకోవడమా! గ్యాస్ గీజరు ఆరేడు వేలకి వస్తుంది. లేదంటే పెరట్లో పొయ్యి, కాగు. మా తాత తొంభై ఏళ్ళు అలాగే స్నానం చేశాడు.

బరంపురం_బుజ్జి
కట్టెలు తెచ్చింది మీ తాతా, మీ మామ్మా?

గుణుపురం_గోపి
మామ్మే.

జయపురం_జానకి
పూర్తిగా చెప్తాను. మా ఇంట్లో రెండేళ్ళుగా ఉంది, 200 లీటర్లది. ఇది గీజరులాగా కాయిల్ కాల్చి నీళ్ళు కాచదు. ఏసీని తిరగేశారనుకోండి. బయటి గాలిలో ఉన్న వేడిని లాక్కుని నీళ్ళలోకి తోస్తుంది, వేడి పోయిన చల్లగాలిని బయటికి వదిలేస్తుంది. తలుపు వేసిన చిన్న గదిలో పెడితే ఏమవుతుంది? కాసేపటికి తను వదిలిన చల్లగాలినే తను మళ్ళీ పీల్చుకుంటుంది. ఇంకా చల్లబరుస్తుంది, ఇంకా పీల్చుకుంటుంది. ఇక లాగడానికి వేడి ఎక్కడుంటుంది?

ఇది పుస్తకంలో చదివింది కాదు. మొదట మాకూ స్టోర్ రూములోనే బిగించారు. గంటన్నరలో అయిపోవాల్సిన పని నాలుగు గంటలైనా అవలేదు. తలుపు తీసి చూస్తే లోపల ఐస్‌క్రీమ్ బండి మూత తీసినట్టుంది. గోడకి చెమ్మ, చింతపండు డబ్బా బూజు. మూడో నెలలో ఊడదీసి మేడ మీద పెట్టించాను. పైపులు మళ్ళీ వేయడానికి పద్నాలుగు వేలు దండగ.

బరంపురం_బుజ్జి
మా పెదనాన్న వాళ్ళు ఆ చల్లగాలినే గొట్టం పెట్టి వంటింట్లోకి తిప్పుకున్నారు. మే నెలలో పెద్దమ్మ ఆ గొట్టం కిందే కూర్చుని కూరలు తరుగుతుంది. జనవరిలో ఏం చేస్తారని అడక్కండి, గుడ్డలు కుక్కుతారు.

పర్లాకిమిడి_మాస్టారు
గోపీ, గ్యాస్ గీజరు మాట తేలిగ్గా అనకు. కిటికీ మూసిన చిన్న బాత్‌రూములో అది మండితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. రంగు లేదు, వాసన లేదు. చలికాలంలో స్నానానికి వెళ్ళి తలుపు తీయని వాళ్ళ వార్త ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం. పెడితే గీజరు బయట ఉండాలి, నీళ్ళు మాత్రమే లోపలికి రావాలి.

ఇక హీట్‌పంప్ సంగతి. బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ 1852లోనే ఈ ఆలోచన కాగితం మీద పెట్టాడు. ఒక యూనిట్ కరెంటు నేరుగా కాయిల్‌లో కాలిస్తే ఒక యూనిట్ వేడే వస్తుంది, అంతకు మించి రాదు. అదే యూనిట్‌తో కంప్రెసర్ తిప్పి, గాలిలో ఉన్న వేడిని ఎత్తి పోస్తే మూడు యూనిట్ల వేడి నీళ్ళలో పడుతుంది. ఆ మూడునే సీఓపీ అంటారు. కరెంటు వేడిని పుట్టించదు, మోస్తుంది. కూలీ ఒక్కడే, తిన్న ముద్దకి మూడింతలు బరువు మోశాడు.

బయట చలి పెరిగేకొద్దీ ఎత్తు పెరిగినట్టే, కూలీ అలిసిపోతాడు, సీఓపీ పడుతుంది. కాబట్టి కంపెనీ కాగితంలో 4 అని ఉంటే, ఎంత గాలి వేడి దగ్గర 4 అన్నది చూడాలి. చాలామంది 20 డిగ్రీల దగ్గర లెక్క చెప్తారు. సెమిలిగుడలో జనవరి తెల్లవారుజామున 20 ఎక్కడిది?

రాయగడ_రమణ
దీన్ని తెలుగులో ఏమనాలి మాస్టారూ? ఉష్ణ ఉత్తోలకమా?

పర్లాకిమిడి_మాస్టారు
గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరివాణ్ని నేను. జనం నోట్లో ఏది ఉంటే అదే రాస్తాను. హీట్‌పంప్.

సెమిలిగుడ_శీను
మెట్ల కింద రద్దు. అడ్వాన్సు ఇవ్వలేదు. ఇక 300 లీటర్లు ఎక్కువా, తక్కువా? అతను ఏ లెక్కన చెప్పాడో అడిగితే "ఒక మనిషికి యాభై" అన్నాడు.

పర్లాకిమిడి_మాస్టారు
బకెట్టూ థర్మామీటరూ తీసుకో. జ్వరం చూసేది కాదు, వంటకి వాడే రకం, మూడు నాలుగొందలకి దొరుకుతుంది. పొద్దున్న ఆరింటికి పై ట్యాంకు నీళ్ళ వేడి ఎంతో చూడు. మీరు స్నానానికి కలుపుకున్న బకెట్టు ఎంత వేడి ఉందో చూడు. ఎవరు ఎన్ని బకెట్లు పోసుకుంటున్నారో ఒక వారం రాయి. తర్వాత మాట్లాడదాం.

బరంపురం_బుజ్జి
నాన్నగారి బాత్‌రూము బయట నోటు పుస్తకం పట్టుకుని నిలబడిన శీను అన్నయ్యని ఊహించుకుంటున్నాను.

రాయగడ_రమణ
కరెంటు వైపు నాది పని కాబట్టి చెప్తాను. ఆ కాగితంలో రెండు విషయాలు వెతుకు శీనూ.

ఒకటి, బ్యాకప్ హీటరు. దాదాపు ప్రతి హీట్‌పంప్ ట్యాంకులోనూ ఒకటిన్నర, రెండు కిలోవాట్ల మామూలు కాయిల్ ఒకటి పెడతారు. కంప్రెసర్ వల్ల కాకపోతే అది అందుకుంటుంది. మా వీధిలో ఒకాయన హీట్‌పంప్ పెట్టినా బిల్లు తగ్గలేదని తిట్టుకుంటూ తిరిగాడు. వెళ్ళి క్లాంప్ మీటరు పెట్టి చూశాను. కంప్రెసర్ మూడున్నర ఆంపియర్లు, కాయిల్ ఎనిమిది ఆంపియర్లు, రెండూ కలిసి నడుస్తున్నాయి. బిగించినవాడు "ఫాస్ట్" అనే మోడ్‌లో వదిలేసి పోయాడు. ఏడాదిన్నర పాటు ఆయన లక్ష పెట్టి కొన్న గీజరు వాడాడు.

రెండు, తక్కువ వోల్టేజీ. మీకు 180కి పడుతుందన్నావు. వేగం మార్చుకునే ఇన్వర్టర్ కంప్రెసర్ అయితే మెల్లగా ఎత్తుకుంటుంది. పాత రకం అయితే స్టార్టింగ్‌లో నడిచే కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది, 180 దగ్గర మూలిగి ఆగిపోతుంది, ఓవర్‌లోడ్ కొడుతుంది. మీటరు దగ్గర నుంచి విడిగా లైను, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, సీ రకం 16 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఎర్తింగు మాత్రం నువ్వే దగ్గరుండి చూసుకో. గీజరు ప్లగ్గులో గుచ్చేస్తానంటే ఒప్పుకోవద్దు.

సిరొంచ_సతీష్
సోలార్ ఎందుకు వద్దు? మాకు గోదావరి ఒడ్డున ఏడాదికి తొమ్మిది నెలలు మండే ఎండే. గొట్టాల సోలార్ పెట్టి ఆరేళ్ళయింది, కరెంటు ఖర్చే లేదు.

సెమిలిగుడ_శీను
మాకు చలికాలంలో పొగమంచు ఒక్కోరోజు పదింటిదాకా విడవదు సతీష్ గారూ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన. వేడినీళ్ళు కావాల్సిన రోజునే సూర్యుడు రాడు.

బరంపురం_బుజ్జి
2013లో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు మా మేడ మీద సోలార్ గొట్టాలు ఇరవైకి ఇరవై పగిలాయి. హీట్‌పంప్ అయినా మా వైపు బోల్టులు వేసి బిగించుకోవాల్సిందే. అదీగాక గోపాల్‌పూర్ ఉప్పుగాలికి రెండేళ్ళలో మెషీనులో గాలి వేడిని లాగే అల్యూమినియం రెక్కలు పొడిపొడిగా రాలతాయి. పూత పూసిన రెక్కలున్నవే తీసుకోమని పెదనాన్న మాట.

కొరాపుట్_లాడ్జి
సోలార్ నీళ్ళది కాకుండా కరెంటు పలకలు పెట్టుకుని, పగటిపూట హీట్‌పంప్ నడుపుకోవచ్చు కదా. పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది, ఇంటికి 2 కిలోవాట్లకి 60 వేలు, 3 కిలోవాట్లకి 78 వేలు కేంద్రం ఇస్తుంది. నాది లాడ్జి కాబట్టి నాకు రాలేదు.

నా సంగతి వేరే. రోజుకి వెయ్యి లీటర్ల దాకా వేడినీళ్ళు కావాలి. ఇంతకుముందు కట్టెల బాయిలరు, దానికో మనిషి. తెల్లారుజామున నాలుగింటికి వాడు లేవకపోతే ఆరింటికి గెస్టులు నా తలుపు కొట్టేవారు. హీట్‌పంప్ పెట్టాను, నాలుగేళ్ళలో డబ్బు తిరిగొచ్చింది. ఏడాది పొడవునా వాడకం ఉంటేనే అది సాధ్యం. ఆరుగురున్న ఇంటికి వస్తుందో రాదో లెక్క వేసుకోండి, నా మాట పట్టుకుని దిగకండి.

ధర్మాబాద్_దత్తు
మా నాందేడ్ వైపు వంద యూనిట్లు దాటితే కరెంటు రేటు చూసి గుండె ఆగుతది. అందుకే నేను పెట్టించుకున్న. మా అమ్మకు మాత్రం ఇప్పటికీ బంబే కావాలె. ఇత్తడి బంబ్, నడుమ బొగ్గులు, వాకిట్లో పొగ. మిర్చి ఘాటుకు అలవాటు పడ్డ ఊరు మాది, పొగ ఒక లెక్క కాదంటది.

నేను చెప్పేది నీళ్ళ గురించి. మాది బోరు నీళ్ళు, సున్నం ఎక్కువ. ట్యాంకు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటది, ట్యాంకు బదులు తుప్పు తానే తింటది. అది అరిగిపోయాక ట్యాంకును తినుడు మొదలైతది. నాకు బిగించినోడు ఆ కడ్డీ ముచ్చటే చెప్పలే. రెండేళ్ళకు విప్పి చూస్తే వేలెడు పొడవు మిగిలింది, చెరుకు పిప్పి లెక్కన. శీను భాయ్, ఏడాదికోసారి విప్పి చూడు. ట్యాంకు గోడకు ఆనించి పెట్టేటప్పుడే ఆ కడ్డీ పైకి లాగేంత జాగా వదలమను. మాకు పైన కప్పు తగిలి కడ్డీని వంచి తీయాల్సొచ్చింది.

లీడ్స్_కిరణ్
రాయగడ మాది, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. ఇక్కడ హీట్‌పంప్ అంటే స్నానానికి మాత్రమే కాదు, ఇల్లంతా వెచ్చబెట్టడానికి. ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రభుత్వం 7,500 పౌండ్లు సాయం ఇస్తుంది. మా ఇంటికి వచ్చినాయన మూడు గంటలు కొలిచాడు. ప్రతి గది పొడవు వెడల్పు, కిటికీలకి ఒక అద్దమా రెండా, గోడలో దూది కుక్కారా లేదా, అటక మీద ఎంత మందం. ఒక్కో గది గంటకి ఎంత వేడి పోగొట్టుకుంటుందో లెక్క వేసి, ఆ తర్వాతే మెషీను సైజు చెప్పాడు. గ్యాస్ బాయిలరు నీళ్ళు 70 డిగ్రీల దాకా పంపేది, ఇది 45కే పంపుతుంది కాబట్టి రేడియేటర్లు నాలుగు మార్చి పెద్దవి పెట్టారు. ఇంత చేసినా మా పక్కింటివాళ్ళకి తప్పు సైజు పెట్టారు. టీ కప్పు సైజు లెక్క ఎక్కడైనా ఉంటుందన్నమాట.

పైపుల_పాపారావు
అందరూ మెషీను గురించే మాట్లాడతారు. పైపు గురించి ఎవడూ అడగడు, తర్వాత నన్ను తిడతారు.

శీను బాబూ, మేడ మీద పెడితే ముందు చూడాల్సింది ఎత్తు. పై ట్యాంకు అడుగు కంటే హీట్‌పంప్ ట్యాంకు తల కిందుండాలి, లేకపోతే నీళ్ళు దిగవు. మీ సింటెక్స్ ట్యాంకు స్లాబు మీదే కూర్చుని ఉంటే దాన్ని ముందు దిమ్మె కట్టి ఎత్తించాలి. ఆ ఖర్చు కొటేషన్‌లో ఉండదు.

పైపు సీపీవీసీ. చల్లనీళ్ళ తెల్ల పైపు వేస్తే ఏడాదికి వానపాములా వంకర్లు తిరుగుతుంది. సైజు ముప్పావు అంగుళం. అంగుళం వేస్తే ఫోర్సు బాగుంటుందని అందరూ అంటారు, నిజమే. కానీ ముప్పావులో మీటరుకి పావు లీటరు నీళ్ళు నిలుస్తాయి, అంగుళంలో దగ్గర దగ్గర అర లీటరు. మేడ నుంచి కింది బాత్‌రూముకి పదిహేను మీటర్లు ఉంటే, కుళాయి తిప్పిన ప్రతిసారీ ఒకదాంట్లో నాలుగు లీటర్లు, ఇంకోదాంట్లో ఆరేడు లీటర్లు చల్లనీళ్ళు పోవాలి. బకెట్టు స్నానమైతే ముప్పావు చాలు.

చల్లనీళ్ళు వచ్చే దారిలో ఎన్‌ఆర్‌వీ, అంటే నీళ్ళు వెనక్కి పోనివ్వని వాల్వు; రెండు వైపులా యూనియన్లు, అంటే విప్పుకునే జాయింట్లు. సేఫ్టీ వాల్వు నోటికి పైపు వేసి కిందికి దింపాలి. ఆ వాల్వుకి డమ్మీ కొట్టి మూసేసిన మహానుభావులు కూడా ఉన్నారు, కారుతోందని. కారడమే దాని పని.

ఇంకోటి. పైపుకి నల్ల ఫోము తొడుగుతారు కదా. మొన్న దామన్‌జోడి దగ్గర ఒక ఇంటికి వేశాను, వారానికి కోతులొచ్చి అరటిపండు తొక్క ఒలిచినట్టు ఒలిచాయి. మీద అల్యూమినియం రేకు చుట్టించండి.

జయపురం_జానకి
పాపారావు గారు చెప్పినవాటికి తోడు: మెషీను కింద నుంచి నీళ్ళు కారతాయి, గాలిలో తేమ. వానాకాలంలో రోజుకి రెండు మూడు లీటర్లు. చిన్న గొట్టం వేసి తూముకి కలపాలి, లేకపోతే స్లాబు నానుతుంది. ఆ నీళ్ళు ఇన్వర్టర్ బ్యాటరీకి పోస్తానన్నారు మా ఆయన. పోయనివ్వలేదు.

పడగ్గది కిటికీ వైపు పెట్టకండి. చప్పుడు పెద్దగా ఉండదు కానీ అదురు స్లాబులోంచి దిగుతుంది. కింద రబ్బరు దిమ్మెలు వేయించాక మా అత్తగారి ఫిర్యాదు తగ్గింది. తగ్గింది, పోలేదు.

సెమిలిగుడ_శీను
వారం అయింది. రాసుకొచ్చాను.

పొద్దున్న ఆరింటికి ట్యాంకు నీళ్ళు 14 డిగ్రీలు. స్నానం బకెట్టు 40 దగ్గర అందరికీ సరిపోతోంది, నాన్నకి మాత్రం 43 కావాలి. బకెట్టు 20 లీటర్లు. సగటున మనిషికి ఒకటిన్నర బకెట్లు. మా చెల్లి తలంటు రోజు మూడు. వంటింట్లో గిన్నెలకి ఒక 20 లీటర్లు. బయట గాలి తెల్లవారుజామున 9, మధ్యాహ్నం రెండింటికి 24.

పర్లాకిమిడి_మాస్టారు
శెభాష్. ఆరుగురికి బకెట్టున్నర చొప్పున 180 లీటర్లు, 40 డిగ్రీలవి. ట్యాంకులో 55 డిగ్రీల నీళ్ళుంటే, 14 డిగ్రీల నీళ్ళు కలుపుకుంటాం కాబట్టి, ఒక్కో బకెట్టులో వేడివి పన్నెండు పదమూడు లీటర్లే. మొత్తం 115 లీటర్లు, వంటింటి 20 కలిపితే 135. తోడుతుంటే కింద చల్లనీళ్ళు చేరతాయి కాబట్టి ట్యాంకులో ఎనభై ఐదు శాతమే పనికొచ్చేదనుకో. 200 లీటర్లు పుష్కలం. 300 అనవసరం.

చూశావా, మధ్యాహ్నం 24, తెల్లవారుజామున 9. కూలీని ఏ వేళ పనికి పెట్టాలో అదే చెప్తోంది.

గుణుపురం_గోపి
మధ్యాహ్నం కాచిన నీళ్ళు మర్నాడు పొద్దుటికి చల్లారవూ?

జయపురం_జానకి
నేను రాసిపెట్టిన అంకె: సాయంత్రం ఆరింటికి 55, మర్నాడు పొద్దున్న ఐదింటికి 51. పన్నెండు నుంచి నాలుగు దాకా టైమరు పెట్టాను, పొద్దున్న దాన్ని ముట్టుకోను. చలి పొద్దుల్లో నడిపితే రెక్కలకి మంచు పట్టి, అది కరిగించుకోవడానికే పది నిమిషాలు ఆగుతుంది.

పర్లాకిమిడి_మాస్టారు
వారానికి ఒకసారి మాత్రం 60 దాటనివ్వాలి. గోరువెచ్చగా నిలిచిన నీళ్ళలో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. రమణ తిట్టిన బ్యాకప్ హీటరుకి అసలు ఉద్యోగం అది.

గుణుపురం_గోపి
ఇప్పుడు నా లెక్క వినండి. చలికాలంలో ఈ నీళ్ళకి గీజర్లు రోజుకి 8 యూనిట్లు తింటాయి, హీట్‌పంప్ 3 తింటుంది. మిగిలింది 5. యూనిట్ ఆరు రూపాయలు వేసుకున్నా రోజుకి ముప్పై, నెలకి తొమ్మిది వందలు, నాలుగు నెలలకి 3,600. మిగతా ఎనిమిది నెలలు సగం వేసుకోండి, ఇంకో 3,600. ఏడాదికి 7,200. 200 లీటర్ల మెషీను లక్షా ముప్పై వేలు. పద్దెనిమిదేళ్ళు! అప్పటికి ఆ ట్యాంకు పాత ఇనుము బండి మీద ఉంటుంది.

మూడు గీజర్లూ ఒకేసారి వేయకుండా మూడు టైమర్లు కొనుక్కోండి. నాలుగింటికి ఒకటి, ఐదింటికి ఒకటి, ఆరింటికి ఒకటి. రెండు వేల రూపాయల్లో నాన్నగారి సబ్బు సమస్య తీరిపోయింది.

రాయగడ_రమణ
గోపీతో నేను ఏకీభవించాల్సి వస్తుందని అనుకోలేదు. లెక్క తప్పు లేదు. ఒకే ఇల్లు, ఆరుగురు, మన ఒడిశా కరెంటు రేటు అయితే బిల్లు మిగులుతుందని హీట్‌పంప్ కొనకూడదు.

ధర్మాబాద్_దత్తు
మా రేటుకైతే సగం ఏండ్లలోనే వస్తది. ఎక్కడి లెక్క అక్కడిదే.

సెమిలిగుడ_శీను
ఒక ముక్క చెప్పడం మర్చిపోయాను. వచ్చే నవంబరు నుంచి పై వాటా దేవమాలి కొండ చూడ్డానికి వచ్చేవాళ్ళకి హోమ్‌స్టేగా ఇద్దామని ఉంది. రెండు బాత్‌రూములు కొత్తగా కడుతున్నాం. సీజన్లో ఇంకో ఆరుగురు ఉంటారు.

బరంపురం_బుజ్జి
అన్నయ్యా!!

గుణుపురం_గోపి
రాముడికి సీత ఏమవుతుందో ఇప్పుడు అడిగాడు.

పర్లాకిమిడి_మాస్టారు
వారం రోజులు బకెట్లు లెక్కపెట్టించింది నేను, కాబట్టి తిట్టే హక్కు కూడా నాదే. పన్నెండు మందికి 360 లీటర్ల స్నానం నీళ్ళు, అందులో 55 డిగ్రీలవి 230, వంటిల్లు కలిపితే 250. 300 లీటర్ల ట్యాంకులో పనికొచ్చేది 255. సరిగ్గా సరిపోతుంది. సీజన్లో సాయంత్రం ఇంకో గంట నడపాలి, అంతే.

జయపురం_జానకి
అంటే టీ తాగుతూ చెప్పినవాడే కరెక్టయ్యాడు!

పర్లాకిమిడి_మాస్టారు
కాకతాళీయం అంటే ఇదే. కాకి వాలింది, తాటిపండు పడింది.

రాయగడ_రమణ
ఇప్పుడు నా మాట మార్చుకుంటున్నాను. ఐదు బాత్‌రూములకి ఐదు గీజర్లంటే 10 కిలోవాట్లు. టైమర్లు పెట్టినా గెస్టులు మీ టైమరు వినరు, సన్‌రైజ్ చూసొచ్చి అందరూ ఒకేసారి స్నానానికి దిగుతారు. త్రీఫేజ్ తీసుకోవాలి, లోడు పెంచుకోవాలి, వైరింగు మార్చాలి. ఆ ఖర్చుతో పోల్చి చూస్తే ఒక కిలోవాటు చిల్లర లాగే మెషీను ఖరీదుగా కనిపించదు. ఇన్వర్టర్ కంప్రెసరుది అడుగు.

గుణుపురం_గోపి
ఒప్పుకోను, కానీ ఊరుకుంటాను.

కొరాపుట్_లాడ్జి
కొనేముందు సర్వీసు సంగతి రాతలో తీసుకోండి. మెకానిక్ విశాఖ నుంచి ఘాట్ ఎక్కి రావాలి. నా మెషీను సర్క్యూట్ బోర్డులో బల్లి దూరి కాలిపోతే తొమ్మిది రోజులు బకెట్లు మోశాం. ఆర్-290 గ్యాసుదైతే ఊరి ఫ్రిజ్ మెకానిక్‌ని దగ్గరికి రానివ్వకండి. అది ప్రొపేన్, వంటగ్యాసుకి చుట్టం. గ్యాస్ టార్చి పట్టుకుని వస్తాడు మనవాడు.

సెమిలిగుడ_శీను
ఇరవై రోజుల తర్వాత వస్తున్నాను. వేరే డీలరు దగ్గర 300 లీటర్లది తీసుకున్నాను. ఈయన మేడ ఎక్కాడు, టేపు పట్టాడు. సింటెక్స్ ట్యాంకు రెండడుగులు ఎత్తించాం. మెషీను నిన్న సాయంత్రం సాలూరు మీదుగా బొలేరోలో వచ్చింది. దించుతుంటే చూశాను, ఘాట్ అంతా పడుకోబెట్టే తెచ్చారు. డ్రైవరు "నిలబెడితే సుంకి మలుపుల్లో దొర్లిపోదా సార్" అంటాడు. బిగించే కుర్రాళ్ళు ఇప్పుడే స్విచ్ వేస్తామంటున్నారు.

రాయగడ_రమణ
వేయొద్దు! కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి పాకి ఉంటుంది. నిలబెట్టి ఇరవై నాలుగు గంటలు వదిలేయండి. కుర్రాళ్ళకి భోజనం పెట్టి రేపు రమ్మను. అట్ట పెట్టె మీద పైకి చూపే బాణం గుర్తు ఉంటే ఫొటో తీసి పెట్టుకో, వారంటీకి పనికొస్తుంది.

సెమిలిగుడ_శీను
స్విచ్ తీయించేశాను. ఫొటో తీశాను, బాణం అడ్డంగా ఉంది. మెషీను మేడ మీద నిలబడి ఉంది. ఎవరూ ముట్టుకోకుండా నాన్న దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు, మంకీ క్యాప్ పెట్టుకుని, కోతులకి కర్ర పట్టుకుని. రేపు మొదటి బకెట్టు తనదేనట, 43 డిగ్రీలు.

పైపుల_పాపారావు
రేకు చుట్టించావా?

సెమిలిగుడ_శీను
రేపు.

పైపుల_పాపారావు
అయితే ఈ రాత్రికి నాన్నగారిని కిందికి దిగనివ్వకు.